వెనక గది తలుపు: శ్రీమతి అట్రాక్టా బీర్న్ గారి పదవీ విరమణ వేళ

2013వ సంవత్సరం నవంబరు నాలుగో తేదీ సోమవారం ఉదయం, కాసల్‌రే పట్టణంలో మందుల షాపు మేడ మీదున్న మా ఋణ పరిష్కార కార్యాలయంలో శ్రీమతి అట్రాక్టా బీర్న్ గారు సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. నిజం చెప్పాలంటే ఆనాటికి అక్కడ స్వీకరించడానికి పెద్ద బాధ్యతలేమీ లేవు. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక కెటిల్, కొత్తగా వచ్చిన చట్టం ప్రతి ఒకటి, వాటన్నిటి మధ్య దిగాలుగా కూర్చున్న మా వ్యవస్థాపకులు శ్రీ మాలకీ డోలన్ గారు ఉన్నారు. ఈ సెప్టెంబరు ఇరవై ఆరున అవే మెట్లు దిగి ఆమె విశ్రాంత జీవితంలోకి అడుగు పెడుతున్నారు. రేపటి నుంచి ఆ మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వినబడదన్న తలంపే మాకు మింగుడుపడకుండా ఉంది. అయినా ఇది అభినందన సంచిక గనుక, దిగులు పక్కన పెట్టి అభినందించడమే మా కర్తవ్యం.

అట్రాక్టా గారు మా రాస్‌కామన్ జిల్లా బిడ్డే. ఇక్కడికి రాకముందు పాతికేళ్ళకు పైగా పట్టణంలోని పశువుల సంతలో కార్యాలయ నిర్వహణ చూశారు. ఏ రైతు దూడను నిజంగా అమ్మదలుచుకుని వచ్చాడో, ఎవరు ఇంట్లో భార్యతో పోట్లాడి ఊరికే కాలక్షేపానికి వచ్చారో, ట్రాక్టరు దిగే తీరు చూసి చెప్పగలిగేవారని ప్రతీతి. 2008 తరువాత మా ప్రాంతం మీద పడిన పిడుగును ఆమె ఆ సంత కిటికీలోంచే చూశారు. కట్టుబడి పనులు ఒక్కసారిగా ఆగిపోయాయి, సగం లేచిన ఇళ్ళు సగంలోనే నిలిచిపోయాయి, నిన్నటిదాకా దర్జాగా వ్యాన్లలో తిరిగిన మేస్త్రీలు తల వంచుకుని నడవడం మొదలుపెట్టారు. 2011లో ఆమె భర్త లోర్కన్ గారు స్వర్గస్థులయ్యారు. ఆ తరువాత సంతలోకి కంప్యూటర్లు వచ్చి ఆమె కుర్చీ అవసరం లేకుండా పోయింది. ఒక దుఃఖం మీద మరొకటి పడిన ఆ రోజుల్లోనే ఆమె మా మెట్లెక్కారు.

ఆనాటి ఇంటర్వ్యూను మాలకీ గారు ఇప్పటికీ వచ్చినవారికల్లా వినిపిస్తూ ఉంటారు.

"లెక్కలు వచ్చా?" అని అడిగారట ఆయన.

"పశువుల లెక్కలు వచ్చు."

"ఇక్కడ మనుషుల లెక్కలమ్మా."

"అవీ అంతే. కాకపోతే కాళ్ళు తక్కువ."

మాలకీ గారు ఇంకో ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే ఆమె ఇంకేం అనేవారోనని భయపడ్డానని ఆయనే ఒప్పుకుంటారు.

మా పని ఏమిటో ఈ సంచిక చదివే కుటుంబ సభ్యుల కోసం రెండు మాటల్లో చెప్పాలి. ఇంటి అప్పు కట్టలేక తల మునకలైన కుటుంబానికీ బ్యాంకుకీ మధ్య నిలబడి, కోర్టు అండతో ఒక ఒప్పందం కుదర్చడం మా వృత్తి. ఆ ఒప్పందంలో ఇంటికి ఇవాళ్టి బజారు ధర ఎంతో అంతవరకే తాకట్టు అప్పు నిలుస్తుంది. ఆ పైనున్న బాకీని, ఆరేళ్ళ పాటు ఒప్పుకున్న ప్రకారం కట్టుకుంటూ వచ్చినవారికి, చివరన కొట్టేస్తారు. ఇల్లు ఇంటివాళ్ళకే మిగులుతుంది. వినడానికి ఇంత సులువుగా ఉన్న ఈ పనికి మొదటి ఏడాది మా దగ్గరకు మనుషులే రాలేదు.

ఎందుకు రావడం లేదో కనిపెట్టినవారు అట్రాక్టా గారు. మాలకీ గారు ఎంతో ముచ్చటపడి ఇత్తడి అక్షరాలతో ఒక పెద్ద బోర్డు చేయించి వీధి గుమ్మం మీద తగిలించబోతుంటే, ఆమె నిచ్చెన కింద నిలబడి ఆపేశారు.

"అది తగిలిస్తే ఈ గుమ్మం ఎవడూ తొక్కడు మాలకీ. దివాలా అని ఇంత లావు అక్షరాలతో రాసి, దాని కింద నుంచి నడిచి రమ్మంటే ఎవడొస్తాడు?"

"మరి బోర్డు లేకపోతే మనం ఉన్నామని ఎలా తెలుస్తుంది?"

"కష్టంలో ఉన్నోడికి తెలుస్తుందిలే. కింద మందుల షాపుంది కదా, ఆ గుమ్మంలోంచి రానియ్యి. చూసినోళ్ళు దగ్గనుకుంటారు, జలుబనుకుంటారు."

ఆ ఇత్తడి బోర్డు నేటికీ మా బీరువా వెనకాల ముఖం గోడకు తిప్పుకుని ఉంది. అప్పటినుంచి మా దగ్గరకు వచ్చేవాళ్ళంతా ముందు షాపులోకి వెళ్ళి, ఒక దగ్గు బిళ్ళల పొట్లం కొనుక్కుని, లోపలి తలుపు గుండా మేడ మీదికి వచ్చేవారు. ఆ శీతాకాలం పట్టణంలో దగ్గులు ఇంతగా ఎందుకు పెరిగాయో తెలియక షాపు యజమాని కొన్నాళ్ళు కలవరపడ్డారు, తెలిసిన తరువాత ఆనందంగా ఊరుకున్నారు.

వచ్చినవారితో ఆమె వ్యవహరించే పద్ధతి కూడా సంతలో నేర్చుకున్నదే. మా దేశంలో టీ ఇస్తామంటే ఎవరైనా మొదట వద్దంటారు, రెండోసారీ వద్దంటారు, మూడోసారి మాత్రమే "మరీ అంతగా అంటున్నారు కనుక" అని ఒప్పుకుంటారు. తొందరపాటు మనుషులు రెండోసారికే ఊరుకుంటారు. అట్రాక్టా గారు ఏనాడూ ఊరుకోలేదు. రెండో కప్పు పోసేదాకా అప్పు మాట ఎత్తేవారు కాదు. వర్షం గురించి, ఎండుగడ్డి గురించి, వాళ్ళ ఊళ్ళో ఎవరి ఆవు ఎవరి చేలో పడిందన్న దాని గురించి మాట్లాడేవారు. ఆ తరువాత వాళ్ళే నోరు విప్పేవారు. ఒక్కోసారి ఏడ్చేవారు. ఏడుపు వచ్చినప్పుడు ఆమె ముఖం తిప్పుకుని కెటిల్‌లో నీళ్ళు నింపుతూ నిలబడేవారు. అవసరం లేకపోయినా నింపేవారు, నిండిన కెటిల్‌ను వంపి మళ్ళీ నింపేవారు.

2016 వసంతంలో ఆమె అర్హత పరీక్ష ఉత్తీర్ణులై, స్వయంగా ఒప్పందాలు కుదర్చగల అధికారిక మధ్యవర్తి అయ్యారు. "ఈ వయసులో నీకు పరీక్షలెందుకు?" అని మాలకీ గారు అడిగితే, "నువ్వు కోర్టులో మాట్లాడ్డం వెనక కూచుని వినలేకపోతున్నా" అన్నారట. ఆమె మొదటిసారి సొంత పేరు మీద చేపట్టిన వ్యవహారం లావిన్ కుటుంబానిది. ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్న ముఖ్య ముచ్చట అదే. దీన్ని అట్రాక్టా గారు ఎన్నడూ మాతో చెప్పలేదు. ఇమెల్డా లావిన్ గారు చెప్పారు, అచ్చు వేసుకోమని అనుమతి కూడా వారే ఇచ్చారు.

పట్టణానికి కాస్త దూరంలో, బురద నేల మధ్య రోడ్డు వారగా ఉన్న ఇల్లు లావిన్లది. ఫెర్గల్ లావిన్ గోడలకు ప్లాస్టరింగ్ చేసే మేస్త్రి. మంచి రోజుల్లో సగం జిల్లా గోడలు ఆయన చేతి మీదుగా నునుపు తేలాయి. తన ఇంటిని తానే కట్టుకున్నాడు, కానీ వెనక గది గోడ మిగిలి ఉండగానే పనులు ఆగిపోయాయి. ఆ తరువాత ఆయన తాపీ పట్టుకోలేదు. పని దొరక్క కొన్నాళ్ళు, దొరికినా మనసు రాక కొన్నాళ్ళు. భార్య ఇమెల్డా వృద్ధుల ఆశ్రమంలో వంటపని చేసి ఇల్లు నెట్టుకొచ్చేది. ఇద్దరు పిల్లలు, ఫెర్గల్ తల్లి నోనీ, అంతా ఆ కప్పు కిందే. ఒప్పందం కుదిరితే ఇల్లు నిలుస్తుంది, కుదరకపోతే బ్యాంకు తీసుకుంటుంది, మధ్యేమార్గం లేదు. ఈలోగా బ్యాంకు ఇంటి మీదికి రాకుండా కోర్టు కొద్దివారాలు రక్షణ ఇచ్చింది. ఆ గడువులో ఇంటికి ధర కట్టించడానికి ఉభయులూ ఒప్పుకున్న వాల్యుయర్ ఒకాయన అక్టోబరులో వెళ్ళి చూసొచ్చారు.

ఆయన రాసిచ్చిన ధర చూసి అట్రాక్టా గారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఇది లావిన్ల ఇంటి ధరలా లేదు, ఎవరో డాక్టరు గారి ఇంటి ధరలా ఉంది. అంత ధర ఖాయమైతే తాకట్టు అప్పు ఆ మేరకు నిలుస్తుంది, నెలకట్టు లావిన్లు మోయలేరు, మోయలేని ఒప్పందాన్ని కోర్టు ఒప్పుకోదు. ఆమె కారు తీసుకుని వెంటనే వెళ్ళారు.

ఇల్లు తెల్లగా మెరిసిపోతోంది. కిటికీలకు కొత్త నీలం రంగు, గుమ్మం ముందు కంకర, కుండీల నిండా పూలు. ముందరి గోడకు ఎవరో చేయి తిరిగిన మనిషి ప్లాస్టరింగ్ చేశాడు, అరచెయ్యి పెడితే జారిపోయేంత నునుపు. ఫెర్గల్ పెరట్లో తాపీ కడుగుతూ ఈల వేస్తున్నాడు. అంతకుముందు ఆయన ఈల వేయగా ఆమె వినలేదు.

"ఏంటయ్యా ఇదంతా?"

"పూజకండీ. ఈసారి మా ఇంటి వంతు. ఎన్నేళ్ళకో వచ్చింది."

మా పల్లెల్లో ఇది తాతల నాటి ఆచారం. ఏటా వసంతంలో ఒక ఇంట్లో, శరత్తులో ఒక ఇంట్లో, వంతుల వారీగా పూజ జరుగుతుంది. ఫాదర్ గారే ఇంటికి వచ్చి వంటింటి బల్ల మీద పూజ చేస్తారు, చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి మోకరిస్తారు, ఆ పైన టీ, కేకు, కబుర్లు. వంతు వచ్చిన ఇంటికి రంగు వేయకుండా ఉండడమన్నది ఎవరి ఊహకూ అందదు. తిండి మానేసైనా రంగు వేస్తారు. తుమ్మెద వాలని పెరట్లో కూడా ఆ వారం పూలు పూస్తాయి.

"రంగు ఎక్కడిది?" అని ఆమె అడిగారు.

"మా బావమరిది షెడ్డులో మిగిలిపోయినవి. కంకర పక్క పొలం ఆయన పోశాడు. పూలు మా అమ్మ జట్టు ముసలమ్మలు తెచ్చారు. మేం చిల్లిగవ్వ పెట్టలేదు మిసెస్ బీర్న్, ఒట్టు."

"వాల్యుయర్ వచ్చింది ఎప్పుడు?"

"పూజకి ముందు రోజు. ఆయన కూడా గోడ చూసి చాలా మెచ్చుకున్నాడండీ."

"మెచ్చుకోడా మరి. ఇంత బాగా చేసి కొంప ముంచావయ్యా ఫెర్గల్."

ఆ మాట అని, ధర సంగతి చెప్పగానే ఆయన చేతిలోని తాపీ నెమ్మదిగా బకెట్లోకి జారింది. అది చూసి ఆమెకు ప్రాణం ఉసూరుమంది. నిజానికి తప్పు తనదేనని ఆమెకు తెలుసు. ఈ నేల మీద పుట్టి పెరిగి, అక్టోబరులో వంతు పూజలు తిరుగుతాయని తెలిసి, ఆ నెలలోనే ధర కట్టించే తేదీ పెట్టి, వంతు ఎవరిదని ఒక్క మాట అడగలేదు. పట్నం నుంచి వచ్చిన మధ్యవర్తి ఎవరైనా చేసి ఉంటే అనుకోవచ్చు.

అయినా ఆమెకు లెక్క తేడాగానే తోచింది. రంగు వేసినంత మాత్రాన ధర ఇంతగా పెరగదు. లోపలికి వెళ్ళి ఇల్లంతా చూస్తానన్నారు. వంటిల్లు చూశారు, ముందు గది చూశారు, అన్నీ అద్దంలా ఉన్నాయి. నడవ చివర ఒక మూసిన తలుపు ముందు ఇమెల్డా నిలబడి ఉంది.

"ఇది చూపించావా ఆయనకి?"

"లేదండీ. మా అత్తగారు పడుకున్నారని చెప్పాను. ఇప్పుడూ పడుకునే ఉన్నారు."

వంటింట్లోంచి నోనీ గొంతు వినిపించింది. "నేనిక్కడ టీ తాగుతుంటే నన్నెక్కడ పడుకోబెట్టావే?"

ఇమెల్డా ముఖం కందగడ్డలా అయిపోయింది. తలుపు పిడి మాత్రం వదల్లేదు. ఎంతో మర్యాదగా అడిగి చూశారు అట్రాక్టా గారు. గది బాగా లేకపోతే, ఆ సంగతి ధరలోకి రావడం న్యాయమే కదా, మళ్ళీ ఆయన్ని పిలిపించి ఇల్లంతా చూపిస్తే సరిపోతుంది కదా అని చెప్పారు.

"కుదరదండీ. మొన్న ఊరంతా ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చుంది. ఇమెల్డా, ఇల్లు ముత్యంలా పెట్టుకున్నావని అందరూ అన్నారు. ఇన్నేళ్ళలో మమ్మల్ని చూసి జాలిపడకుండా మాట్లాడింది ఆ ఒక్క పూట. ఇప్పుడు బయటి మనిషిని తీసుకొచ్చి ఆ గది చూపించమంటారా? ఆయన ఊళ్ళో ఒక్కడితో అనడా? ఇల్లు పోతే పోనీండి. పరువుతో పోతుంది."

"రేపు వానొస్తే పరువు కప్పుకుని పడుకుంటారా ఐదుగురూ?" అన్నారు అట్రాక్టా గారు.

ఇమెల్డా కళ్ళ నిండా నీళ్ళు, పిడి మీద వేళ్ళు తెల్లబడిపోయాయి. ఇంకో మాట అంటే ఆ మనిషి ఇక ఎప్పటికీ మేడ మెట్లెక్కదని సంతలో గడిపిన పాతికేళ్ళు ఆమెకు చెప్పాయి. "కోటు వేసుకో. నాతో రా" అన్నారు.

"ఎక్కడికి?"

"మా ఇంటికి. టీకి."

"వద్దులెండి."

"రా."

"వద్దండీ, నిజంగా."

"రా ఇమెల్డా."

మూడోసారికి ఇమెల్డా కోటు వేసుకుంది.

అట్రాక్టా గారి ఇల్లు ఎరిగినవారికి ఆ ఇంటి శుభ్రత సంగతి చెప్పనక్కర్లేదు. మా కార్యాలయంలో టీ చుక్క బల్ల మీద పడితే ఆమె చూసే చూపు అందరం ఎరుగుదుం. ఆ రోజు ఆమె ఇమెల్డాను వంటింట్లో కూర్చోబెట్టలేదు. తిన్నగా వెనక్కి తీసుకెళ్ళి, ఒక తలుపు తాళం తీసి, భుజంతో నెట్టారు. లోపల ఏదో అడ్డం ఉండి తలుపు సగమే తెరుచుకుంది.

గది నిండా లోర్కన్ గారు ఉన్నారు. ఆయన విప్పి మళ్ళీ బిగించని గడ్డి కోసే యంత్రం, చేపలు పట్టడానికి వేసుకునే పొడవాటి రబ్బరు బూట్లు, ఎప్పుడూ కట్టని స్నానాల గది కోసం కొన్న పలకల పెట్టెలు, బరువు తగ్గడానికని తెచ్చి కోట్లు తగిలించుకున్న సైకిలు. ఇస్త్రీ చేయని బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. మూలన కప్పు కారుతూ కింద చిలుం పట్టిన బకెట్, దాని పక్కన తల విరిగిన బాల యేసు బొమ్మ. చెమ్మ వాసన గుప్పుమంది.

ఇమెల్డా గుమ్మంలో నిలబడి చూసింది. మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరువాత ఆపుకోలేక నవ్వింది, నవ్వి నవ్వి గోడకు ఆనుకుని ఏడ్చింది.

"ఇది ఎవరికైనా చూపించారా?"

"ఎవరికీ లేదు. మా చెల్లెలు వస్తే తాళం పెట్టి, చెవి పోయిందంటా."

"ఎప్పట్నుంచి?"

"ఆయన పోయినప్పట్నుంచి. సర్దుదామని తలుపు తీస్తా. ఆ బూట్లు చూసి మళ్ళీ వేసేస్తా." అట్రాక్టా గారు ఆ బూట్లకేసి చూస్తూనే అన్నారట. "నీకు చూపించాను. నేనేం చచ్చిపోలేదు. ఇప్పుడు నీ వంతు."

టీ తాగారు, అట్రాక్టా గారు గదిలో ఏమీ సర్దకుండానే మళ్ళీ తాళం వేశారు. ఆ పూట నుంచి మిసెస్ బీర్న్ అన్న పిలుపు పోయి, ఇమెల్డా నోట అట్రాక్టా అన్న పేరే మిగిలింది. సాయంత్రం లోపల లావిన్ల వెనక గది తలుపు తెరుచుకుంది. అది పిల్లల కోసం కట్టిన గది. వెనక గోడ ఇటుకలు అలాగే నగ్నంగా ఉన్నాయి, చెమ్మ నల్లగా కప్పుదాకా పాకింది. పిల్లలు ఏళ్ళ తరబడి ముందు గదిలోనే పరుపులు వేసుకుని పడుకుంటున్నారు. పూజ రోజు ఆ పరుపులు, ఇంట్లోని చితికినవీ చిరిగినవీ అన్నీ ఇక్కడికే చేరాయి. ఫెర్గల్ గుమ్మం దాటి రాలేదు.

"ఊరందరి గోడలూ నునుపు చేశానండీ. ఈ గోడ ముందు నిలబడితే చేతులు రావు" అన్నాడు.

"ఇప్పుడు రానక్కర్లేదు. ధర కట్టేదాకా ఆ గోడ జోలికి వెళ్ళావంటే ఊరుకోను" అన్నారు అట్రాక్టా గారు.

జరిగింది జరిగినట్టు, పొరపాటు తనదేనని కలిపి బ్యాంకువారికి చెప్పి, ఆమె రెండోసారి ధర కట్టించడానికి ఒప్పించారు. వాల్యుయర్ వచ్చిన రోజు ఇమెల్డా తానే ముందు నడిచి తలుపు తీసి, "ఇది కూడా మా ఇల్లేనండీ, లోపలికి రండి" అంది. ఆయన లోపల చాలాసేపు ఉన్నారు. బయటికి వచ్చి ఏమీ అనలేదు, ఊళ్ళోనూ అనలేదు. ధర మాత్రం ఉండవలసిన చోటికి దిగింది. బ్యాంకు అప్పటికీ ఒప్పందానికి అంగీకరించలేదు. వ్యవహారం రాస్‌కామన్‌లో న్యాయమూర్తి గారి ముందుకు వెళ్ళింది.

"ఈ కుటుంబం ఆరేళ్ళు నిలకడగా కడుతుందని మీకు ఎందుకు నమ్మకం?" అని ఆయన అట్రాక్టా గారిని అడిగారు.

"పూజకి వచ్చినవాళ్ళు ఫెర్గల్ గోడ చూశారండీ. అందులో ముగ్గురు ఆయన్ని పనికి పిలిచారు, ఆయన వెళ్తున్నాడు. ఇక ఇమెల్డా ఆ గది తలుపు తీసింది. అది తీసిన మనిషి, ఏదైనా నెల ఇబ్బందైతే దాచుకోకుండా నా దగ్గరకొచ్చి చెబుతుంది."

న్యాయమూర్తి గారు బ్యాంకు అభ్యంతరాన్ని తోసిపుచ్చి ఒప్పందాన్ని ఆమోదించారు. కోర్టు మెట్ల మీద నోనీ అట్రాక్టా గారి చెయ్యి పట్టుకుని, "పిల్లా, ఇకనుంచి నన్ను పడుకోబెట్టరుగా?" అని అడిగింది. కొంప ముంచిందనుకున్న ఆ ముందరి గోడే, చివరికి ఫెర్గల్‌కు పని తెచ్చిపెట్టి ఒప్పందాన్ని మోసింది. ఆరేళ్ళలో రెండు నెలలు ఇబ్బంది వచ్చింది. రెండుసార్లూ ఇమెల్డా తానే మేడ మెట్లెక్కింది, దగ్గు బిళ్ళలు కొనకుండా.

ఆ తరువాతి సంవత్సరాలలో అట్రాక్టా గారి కృషి వల్ల నిలిచిన ఇళ్ళ సంఖ్య అడిగితే ఆమె చెప్పరు. నిలవని ఇల్లు మాత్రం ఆమెకు గుర్తు. ఒక కుటుంబం ఒప్పందం మధ్యలోనే విఫలమై ఇల్లు పోగొట్టుకుంది. ఆ దారిన వెళ్ళవలసి వస్తే ఆమె నేటికీ చుట్టు తిరిగి వెళ్తారు. కరోనా కాలంలో మేడకు తాళం పడితే, ఇంటి నుంచే ఫోనులో అందరినీ పలకరించారు. "టీ పోసుకున్నావా? పోసుకునిరా, నేను ఆగుతా" అని అవతలి మనిషి కెటిల్ చప్పుడు వినిపించేదాకా ఫోను పట్టుకుని కూర్చునేవారు. ఇవాళ మా కార్యాలయంలో చేరిన చిన్నవారందరికీ చట్టం మాలకీ గారు నేర్పితే, మూడుసార్లు టీ అడగడం ఆమె నేర్పారు. ఏది ఎక్కువ పనికి వచ్చిందో మాలకీ గారి ముందు మేము అనలేం. ధర కట్టించే తేదీ పెట్టేముందు వంతు పూజ ఎవరింట్లోనని అడగడం మాత్రం మా కార్యాలయంలో నాటి నుంచీ నియమం.

గత వారం ఆమె బల్ల సర్దుకుంటూ ఉండగా ఫోను మోగింది. ఇమెల్డా. గది చిన్నది కనుక మాటలు మా అందరికీ వినబడ్డాయి.

"వచ్చే నెల పూజ మళ్ళీ మా వంతు అట్రాక్టా. మీరు రావాలి."

"రంగు వేస్తున్నారా?"

"ముందరి గోడకి వెయ్యట్లేదు, వాన కడిగేసింది, కడగనీ. ఈసారి పూజ వెనక గదిలో. ఫెర్గల్ ఆ గోడ పూర్తి చేశాడు. మొన్న ఆదివారం ఆఖరి పూత వేసి, రాత్రి భోజనానికి కూడా అక్కడే కూర్చున్నాడు. బల్ల అక్కడే వేస్తున్నాం. అందర్నీ ఆ తలుపులోంచే రమ్మంటున్నాం."

వెనక నుంచి నోనీ గొంతు, తొంభై దాటినా పదును తగ్గకుండా, "ఖాళీ చేతుల్తో రావద్దని చెప్పు" అంటోంది.

అట్రాక్టా గారు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కెటిల్ దగ్గరకు నడిచారు. నిండుగా ఉన్న కెటిల్‌ను వంపి, మళ్ళీ నింపడం మొదలుపెట్టారు. మేమందరం మా మా బల్లల మీదికి తల వంచుకున్నాం. ఆమె నుంచి నేర్చుకున్న మర్యాద అదే.

విరమణ తరువాత మొదట ఏం చేస్తారని అడిగితే, తన వెనక గది సర్దుతానన్నారు. కప్పు బాగు చేయడానికి ఫెర్గల్ ఎలాగూ వస్తానన్నాడు. లోర్కన్ గారి బూట్ల సంగతి మాత్రం ఇంకా ఏమీ అనుకోలేదట. భగవంతుడు ఆమెకు నిండు నూరేళ్ళ ఆయుస్సును, ఆ గడ్డి యంత్రాన్ని తానే బయటికి ఈడ్చగలిగేంత ఆరోగ్యాన్ని, ప్రతి వంతు పూజకూ ఎవరో ఒకరి పిలుపును అనుగ్రహించాలని మేమందరం మనసారా కోరుకుంటున్నాం. ఒక్క చిన్న మనవి మాత్రం ఉంది. ఆ గదిని పూర్తిగా సర్దేయవద్దు అట్రాక్టా గారూ, ఒక మూల అలాగే ఉంచండి. ఇంకా ఎవరికైనా చూపించవలసి రావచ్చు.